పెట్రోలు కార్ల ఫ్యూయల్ ప్రెషర్ గేజి కిట్: వాడి చూసిన తరువాత నా అభిప్రాయం

పెట్రోలు ఇంజను కార్లలో ఇంధన ఒత్తిడిని పరీక్షించడానికి దొరికే గేజి కిట్లలో బాగా చలామణిలో ఉన్న ఒక రకాన్ని నేను చాలా కాలంగా వాడుతున్నాను. సొంత కారు పని తామే చేసుకునేవారినీ, చిన్న షెడ్డు నడిపే మెకానిక్‌లనూ దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన కిట్ ఇది. ఇదే అచ్చుతో, ఇవే విడిభాగాలతో, వేర్వేరు పేర్ల కింద అమ్ముతున్నారు కాబట్టి తయారీదారు పేరు ఇక్కడ ప్రస్తావించడం లేదు. ఇలాంటి కిట్ కొనేవారు సాధారణంగా డయల్ ఎంత పెద్దది, ఎడాప్టర్లు ఎన్ని ఉన్నాయి అని చూస్తారు. నా దృష్టిలో అవి రెండో వరుసలో చూడవలసినవి. గేజిని బిగించేటప్పుడూ, అంతకంటే ముఖ్యంగా పని అయ్యాక విప్పేటప్పుడూ, ఎంత పెట్రోలు బయటికి వస్తుంది, వచ్చినది ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్నతోనే ఈ పనిముట్టును తూచాలి. ఈ సమీక్ష అంతా ఆ కొలమానంతోనే రాస్తున్నాను.

అంత పట్టుదల ఎందుకో చెప్పాలి. పెట్రోలు సున్నాకు సుమారు 40 డిగ్రీల సెల్సియస్ దిగువన కూడా అంటుకోగల ఆవిరిని విడుదల చేస్తుంది. అంటే ఎంత చలి ఉన్న చోటైనా అది సిద్ధంగానే ఉంటుంది. గాలిలో ఆ ఆవిరి దాదాపు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వతో మండుతుంది. అది గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువైనది కనుక పైకి పోయి చెదిరిపోదు. నేల వెంట పాకి, పల్లపు చోట్లలో చేరుతుంది. కారు కింద పని చేయడానికి తవ్విన గుంటలో నిలబడి ఇంధన వ్యవస్థను విప్పకూడదని చెప్పేది ఇందుకే. ఒత్తిడి కింద ఉన్న పైపును నేరుగా విప్పితే పెట్రోలు ధారగా కారదు, సన్నని తుంపరగా చిమ్ముతుంది. తుంపర అయిన ఇంధనం ఆవిరి కావడానికి క్షణం కూడా పట్టదు. ఆ తుంపర వేడిగా ఉన్న ఎగ్జాస్టు మీద పడినా, పక్కనే ఏదైనా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) రవ్వ విసిరినా, తరువాత జరిగేది మన చేతిలో ఉండదు.

ఇక కిట్ విషయం. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో రబ్బరు తొడుగు ఉన్న గేజి, దానికి అమర్చిన హోసు, ఒత్తిడి వదిలే మీట ఉన్న బ్లీడ్ వాల్వు, ఆ వాల్వు నుంచి బయటికి వచ్చే పారదర్శక గొట్టం, ఫ్యూయల్ రైలు (పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకు దానిని పంచే గొట్టం) మీది వాల్వుకు తగిలించే రెండు కొలతల ఎడాప్టర్లు, వాల్వు లేని కార్ల కోసం పైపు మధ్యలో పెట్టే ‘టి’ ఆకారపు కలుపులు, కొన్ని రబ్బరు గొట్టం ముక్కలు, క్లాంపులు ఉన్నాయి. పెట్టె బాగుంది, ఏ వస్తువు స్థానం దానికి ఉంది. దాని గురించి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

గేజి డయల్ మీద 0 నుంచి 10 బార్ వరకూ, దానితోపాటు పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) లోనూ గీతలు ఉన్నాయి; రెండూ ఒత్తిడి కొలమానాలే. ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్ఐ. కార్బురేటర్ ఉన్న పాత బళ్ళలో మెకానికల్ పంపు ఇచ్చే ఒత్తిడి అర బార్‌కు అటూఇటూగా ఉంటుంది; ఇన్‌టేక్ పోర్టులో పెట్రోలు చిమ్మే సాధారణ ఇంజెక్షన్ వ్యవస్థలు ఎక్కువగా 3 నుంచి 4 బార్ మీద పనిచేస్తాయి. కాబట్టి 10 బార్ డయల్‌లో మనకు అవసరమైన భాగమంతా సగానికి దిగువనే ఉండిపోతుంది. ఈ గేజి కచ్చితత్వం పూర్తి స్కేలులో 2.5 శాతమని దాని మీదే ముద్రించి ఉంది. చూడడానికి చిన్న సంఖ్యే, కానీ పది బార్లలో 2.5 శాతం అంటే పావు బార్. కారు తయారీదారు పుస్తకం 3.0 నుంచి 3.4 బార్ వరకూ ఉండాలని చెప్పిన కారులో పావు బార్ తేడా అంటే, మంచి పంపును చెడ్డదని తేల్చడానికీ, చెడ్డ పంపును మంచిదని వదిలేయడానికీ సరిపోయేంత తేడా. అందుకే 7 బార్ డయల్ ఉన్న కిట్ దొరికితే దానినే తీసుకోవడం మేలు. నా గేజిలో పెట్రోలు చుక్క కూడా చేరకముందే, సరైనదని తెలిసిన మరో గేజితో పక్కపక్కన పెట్టి కంప్రెసర్ గాలితో సరిచూశాను. 3 బార్ దగ్గర ముల్లు గీతలో సగం మాత్రమే తేడా చూపింది, అది నాకు సమ్మతమే. ఒకసారి పెట్రోలు ఎక్కిన గేజిలోకి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ గాలి ఎక్కించకూడదు. హోసులో మిగిలిన ఇంధనం, ఒత్తిడితో వచ్చే గాలి కలిస్తే లోపల తయారయ్యేది మండే మిశ్రమమే.

ఈ కిట్‌లో నాకు నిజంగా నచ్చిన భాగం బ్లీడ్ వాల్వు. మీట నొక్కితే గేజిలోనూ, రైలులోనూ ఉన్న ఒత్తిడి పారదర్శక గొట్టం గుండా బయటికి వస్తుంది, వదిలితే ఆగిపోతుంది. మీట స్ప్రింగు గట్టిగా ఉంది, వదిలాక ఒక చుక్క కూడా కారలేదు. దీనికి రెండు ఉపయోగాలు. మొదట కొలిచే ముందు హోసులో చిక్కుకున్న గాలిని తీసేయవచ్చు. గాలి మిగిలి ఉంటే, ముఖ్యంగా ఇంజను ఆపాక ఒత్తిడి నిలబడుతోందా లేదా చూసేటప్పుడు, ముల్లు తప్పుదారి పట్టిస్తుంది. రెండోది అసలైన ఉపయోగం: కొలత పూర్తయ్యాక, ఎడాప్టర్‌ను ముట్టుకునే ముందే ముల్లును సున్నాకు దించవచ్చు. బ్లీడ్ వాల్వు లేని గేజిని రైలు నుంచి విప్పితే హోసులో ఉన్న ఇంధనమంతా ఇంజను మీద పడుతుంది. తక్కువ ధరకు దొరుకుతుందని అలాంటి గేజిని కొనేవారికి నేను చెప్పేది ఒక్కటే, దానికంటే ఏ గేజీ లేకపోవడం నయం.

వాల్వు ఎంత బాగుందో దానికి ఇచ్చిన గొట్టం అంత పేలవంగా ఉంది. పొడవు చాలదు. బానెట్ కింద నుంచి నేల మీది డబ్బా వరకు చేరదు, కొస కేవలం తోసి పెట్టినదే కనుక ఒత్తిడి మొదటి విసురుకే ఊడిపోయే అవకాశం ఉంది. నేను దానిని తీసి, పెట్రోలును తట్టుకునే పొడవైన గొట్టం వేసి, చిన్న క్లాంపుతో బిగించాను. కింద పెట్టే డబ్బా లోహానిదో, ఇంధనం కోసమే తయారుచేసినదో అయి ఉండాలి, గట్టి మూత ఉండాలి, నేల మీద ఆనించి ఉంచాలి. తాగునీటి సీసాలో పెట్రోలు పట్టే అలవాటు చాలా షెడ్లలో కనిపిస్తుంది. స్థిర విద్యుత్తు వల్ల కలిగే ప్రమాదం ఒకటైతే, ఆ సీసాను చూసి ఎవరైనా, ముఖ్యంగా పిల్లలు, నీళ్ళనుకునే ప్రమాదం మరొకటి. ఈ రెండింటిలో ఏది తక్కువ భయంకరమో నేను చెప్పలేను.

కిట్‌తో వచ్చిన చిన్న పుస్తకం గురించి కాస్త కటువుగానే రాయాలి. గేజిని ఎలా బిగించాలో మూడు బొమ్మలతో వివరించి, ఒత్తిడి తగ్గించడం గురించి మాత్రం ‘ముందుగా వ్యవస్థలోని ఒత్తిడిని విడుదల చేయండి’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టింది. కొత్తగా కొన్నవారికి కావలసింది ఆ వాక్యం వెనుక ఉన్న పనే. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, చదునైన చోట కారును నిలిపి, ట్యాంకు మూత తీసి లోపలి ఆవిరి ఒత్తిడిని వదలాలి. తరువాత ఇంధన పంపు ఫ్యూజునుగాని రిలేనుగాని తీసి, ఇంజను స్టార్ట్ చేసి, రైలులో ఉన్న పెట్రోలు అయిపోయి దానంతట అది ఆగే వరకు నడవనివ్వాలి. ఆగాక మరికొన్ని క్షణాలు సెల్ఫ్ కొట్టాలి. అప్పుడు బాటరీ నెగటివ్ తీగను విప్పి పక్కకు పెట్టాలి. ఇంత చేసినా రైలులో కొంత పెట్రోలు మిగిలే ఉంటుంది, కొంత ఒత్తిడి కూడా ఉండవచ్చు. కాబట్టి ఎడాప్టర్ బిగించేటప్పుడు వాల్వు చుట్టూ గుడ్డ చుట్టాలి, కళ్ళకు అద్దాలు, చేతులకు నైట్రైల్ గ్లవ్సులు ఉండాలి. పలుచని లేటెక్స్ గ్లవ్సులు పెట్రోలు తగలగానే ఉబ్బి పాడవుతాయి. తడిసిన గుడ్డను మూత ఉన్న లోహపు డబ్బాలో వేసి, పడిన పెట్రోలు పూర్తిగా ఆరి, వాసన పోయిన తరువాతే బాటరీ తీగ తిరిగి కలపాలి, ఎందుకంటే తీగ టెర్మినల్‌కు తగిలే ఆ క్షణంలో పుట్టే రవ్వ చిన్నదైనా రవ్వే. వెలుతురు కోసం ఎల్‌ఈడీ టార్చి వాడాలి. వేలాడదీసే గాజు బల్బు కిందపడి పగిలితే దాని ఎర్రటి తీగ చాలు పెట్రోలు అంటుకోవడానికి. పొడి పౌడరు ఉన్న మంటలార్పే సిలిండరు చేతికి అందే దూరంలో ఉండాలి. నీళ్ళ బకెట్టు ఇక్కడ పనికిరాదు, పెట్రోలు నీటిమీద తేలి మంటను మరింత విస్తరింపజేస్తుంది.

ఇవన్నీ పుస్తకంలో ఒక పేజీకి మించవు. ఆ పేజీ లేకపోవడాన్ని నేను చిన్న లోపంగా పరిగణించలేను.

బిగించాక కిట్ పనితీరు బాగుంది. ఇగ్నిషన్ కీ తిప్పగానే చాలా కార్లలో పంపు దాదాపు రెండు సెకన్లు తిరిగి ఆగుతుంది. అప్పుడే ముల్లు లేవాలి. ఐడిల్‌లో (ఇంజను భారం లేకుండా నెమ్మదిగా నడుస్తున్నప్పుడు) ముల్లు స్థిరంగా నిలవాలి. మిగిలిన పెట్రోలును ట్యాంకుకు పంపే తిరుగు పైపు ఉండి, ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ రైలు మీదే ఉన్న కార్లలో, రెగ్యులేటర్‌కు వచ్చే వాక్యూమ్ గొట్టం తీయగానే ఒత్తిడి సుమారు అర బార్ పెరగాలి. ఆ గొట్టంలో పెట్రోలు తడి కనిపిస్తే రెగ్యులేటర్ లోపలి పొర చిరిగిందని అర్థం, ఇక కొలిచే అవసరం కూడా లేదు. ట్యాంకులోనే రెగ్యులేటర్ ఉన్న కొత్త తరహా కార్లలో ఈ పరీక్ష వర్తించదు. తిరుగు పైపు ఒక్కటి లేకపోవడంతో మెకానిక్‌కు ఎన్ని ఆధారాలు తగ్గిపోయాయో ఈ పని చేసేవారికి తెలుసు.

గేజి విలువ నాకు బాగా తెలిసింది ఎక్కువసేపు సెల్ఫ్ కొడితే తప్ప స్టార్ట్ కాని ఒక కారు దగ్గర. నడుస్తున్నప్పుడు ఒత్తిడి సరిగ్గా ఉంది, ఇంజను ఆపిన కొద్దిసేపటికే ముల్లు సున్నాకు దిగింది. ఇలా దిగడానికి పెట్రోలును వెనక్కి పోనివ్వకుండా ఆపే పంపులోని చెక్ వాల్వు, కారుతున్న ఇంజెక్టరు, రెగ్యులేటర్, ఈ మూడూ కారణాలు కావచ్చు. ట్యాంకు నుంచి వచ్చే దారిని మూసి చూస్తే ఒత్తిడి నిలబడితే తప్పు పంపు వైపు ఉన్నట్టు, అయినా పడిపోతే ఇంజెక్టర్ల వైపో, తిరుగు పైపు ఉన్న కార్లలో రెగ్యులేటర్ వైపో ఉన్నట్టు. ఈ కిట్‌లో అలా దారి మూసే వాల్వు లేదు. రబ్బరు హోసు ఉన్న కార్లలో మెత్తని అంచుల బిగింపుతో నొక్కవచ్చుగాని, నైలాను పైపులను నొక్కితే పగుళ్ళు ఇస్తాయి, వాటి జోలికి పోకూడదు. ‘టి’ కలుపులో ఒక చిన్న మూసే వాల్వు పెట్టి ఉంటే ఈ కిట్ మరో మెట్టు పైన ఉండేది. మరో కారులో పికప్ లేదని, పంపు మార్చాలని అంతకుముందే ఎవరో తేల్చి చెప్పారు. గేజిని గట్టిగా అమర్చి, ఇంజను మీద భారం పెట్టి చూస్తే ఒత్తిడి నిజంగానే పడిపోయింది. కానీ పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజి కూడా దానితోపాటే పడుతోంది. ట్యాంకు మీది కనెక్టర్‌లో ఒక పిన్ను కాలిపోయి ఉంది. ముల్లు లక్షణాన్ని మాత్రమే చెబుతుంది, కారణాన్ని చెప్పదు. పంపును నిందించే ముందు ఫిల్టరునూ, వోల్టేజినీ, ఎర్త్ తీగనూ చూడవలసిందే.

వాల్వు లేని కార్ల కోసం ఇచ్చిన ‘టి’ కలుపులు నొక్కితే పట్టుకునే రకం, 7.89 మిల్లీమీటర్లు, 9.49 మిల్లీమీటర్లు అనే రెండు ప్రామాణిక కొలతల్లో ఉన్నాయి. పట్టు గట్టిగా ఉంది, లోపలి ఓ-రింగులు (లీకు ఆపే రబ్బరు వలయాలు) సరిగ్గా కూర్చున్నాయి. పైపును విప్పడానికి అవసరమైన ప్లాస్టిక్ తొడుగు పనిముట్టు మాత్రం కిట్‌లో లేదు, విడిగా సంపాదించాలి. స్క్రూడ్రైవర్ మొనతో ఊడబెరికితే లోపలి పళ్ళు విరిగి, బిగించాక పట్టినట్టు కనిపించి, ఒత్తిడి ఎక్కగానే ఊడుతుంది.

అసలు అభ్యంతరం రబ్బరు గొట్టం ముక్కల మీద. వాటి మీద ఏ ముద్రా లేదు. ఇంధన గొట్టానికి ఎస్ఏఈ (వాహన ఇంజనీర్ల సంఘం) వారి జె30 ప్రమాణం ఉంది. అందులో ఆర్7 రకం కార్బురేటర్ కార్లకు, దాదాపు 50 పీఎస్ఐ వరకు, ఆర్9 రకం ఇంజెక్షన్ కార్లకు, దాదాపు 100 పీఎస్ఐ వరకు ఉద్దేశించినవి. యాభై పీఎస్ఐ అంటే సుమారు 3.4 బార్, అంటే మామూలు ఇంజెక్షన్ కారు పనిచేసే ఒత్తిడే ఆర్7 గొట్టం హద్దు. రెండూ నల్లగా ఒకేలా ఉంటాయి, చేతితో పట్టుకుంటే తేడా తెలియదు, ముద్ర ఒక్కటే ఆధారం. పైగా ఇథనాల్ కలిసిన పెట్రోలును అన్ని రబ్బర్లూ తట్టుకోలేవు. తట్టుకోలేని గొట్టం లోపలి నుంచి మెత్తబడి, బయట పగుళ్ళు చూపి, ఒక రోజు కారడం మొదలుపెడుతుంది. ముద్ర లేని ముక్కలను నేను పారేసి, ఆర్9 ముద్ర ఉన్న గొట్టం వేసుకున్నాను. క్లాంపులూ అంతే. గాడులు తెగి ఉన్న పట్టీ రబ్బరులోకి దిగి కోస్తుంది. అంచులు గుండ్రంగా మడిచిన, పట్టీకి రంధ్రాలు లేని ఇంజెక్షన్ క్లాంపులే ఇక్కడ వాడాలి. మరమ్మతు చేసేవారికి ఇచ్చే కిట్‌లో ఇలాంటి క్లాంపులు పెట్టడమంటే వాటినే కారులో శాశ్వతంగా బిగించమని ప్రోత్సహించడమే. తయారీదారు వెంటనే సరిదిద్దవలసిన తప్పు ఇది.

ఈ కిట్ దేనికి పనికిరాదో పెట్టె మీదే పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి, రాయలేదు. నేరుగా సిలిండరులోకి పెట్రోలు చిమ్మే ఇంజన్లలో పై ఒత్తిడి భాగం 200 బార్‌ను దాటవచ్చు, కామన్ రైల్ డీజిలు ఇంజన్లలో 2000 బార్ వరకూ పోతుంది. అక్కడ 10 బార్ గేజి పగిలిపోతుంది. అంతకంటే భయంకరమైనది, ఆ ఒత్తిడిలో సూదిమొనంత లీకు కూడా చర్మాన్ని చీల్చుకుని ఇంధనాన్ని కండలోకి ఎక్కిస్తుంది. పైకి చిన్న చుక్కంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండకపోవచ్చు, కానీ అది వెంటనే శస్త్రచికిత్స అవసరమయ్యే గాయం. ఆలస్యమైతే వేలో, చెయ్యో పోగొట్టుకోవలసి రావచ్చు. ఆ ఇంజన్లలో లీకును చేతితో తడిమి వెతకకూడదు, ఆ భాగాన్ని తగిన శిక్షణ, పనిముట్లు ఉన్నవారికే వదిలేయాలి. ట్యాంకు నుంచి వచ్చే తక్కువ ఒత్తిడి భాగాన్ని మాత్రం, కారు సర్వీసు పుస్తకంలో చెప్పిన కొలత 10 బార్‌కు బాగా లోపల ఉందని చూసుకున్నాక, ఈ గేజితో పరీక్షించవచ్చు. గ్యాసుతో నడిచే కార్లకు ఈ కిట్ అసలు వర్తించదు.

విప్పేటప్పుడు బ్లీడ్ మీట నొక్కి ముల్లు సున్నాకు దిగిందని చూసి, మళ్ళీ గుడ్డ చుట్టి ఎడాప్టర్ తీశాను. బయట పడినది గుడ్డ తడిసేంత మాత్రమే. నేను మొదట చెప్పిన కొలమానంలో ఈ కిట్ నెగ్గింది ఇక్కడే. కారు పైపులను తిరిగి కలిపేటప్పుడు విప్పిన ప్రతి ఓ-రింగు స్థానంలో కొత్తది వేసి, దానికి శుభ్రమైన ఇంజను ఆయిల్ కొద్దిగా రాయాలి. టెఫ్లాన్ టేపు గానీ, గమ్ము గానీ ఇక్కడ వాడకూడదు. టేపు ముక్క తెగి పోతే చేరేది ఇంజెక్టరు మొనకే. వాల్వు మూత బిగించి, ఇంజను స్టార్ట్ చేయకుండా కీని కొన్నిసార్లు వేసి తీసి, పంపు ఒత్తిడి ఎక్కించనిచ్చి, ప్రతి కలుపునూ టార్చి వెలుగులో తెల్లని కాగితంతో అద్ది చూడాలి. తడి లేదని నిర్ధారించుకున్నాకే స్టార్ట్ చేయాలి, ఇంజను వేడెక్కాక మరోసారి చూడాలి.

గొట్టాలు, క్లాంపులు, పారదర్శక గొట్టం మార్చుకోవడానికి సిద్ధపడేవారికి, ఒత్తిడి తగ్గించే పద్ధతిని తమ కారు సర్వీసు పుస్తకంలో చదివి అర్థం చేసుకున్నవారికి ఈ కిట్ కొనమని చెబుతాను. పెట్టె తెరిచి ఉన్నవి ఉన్నట్టు బిగించి కొలుద్దామనుకునేవారికి మాత్రం చెప్పను. వాడాక గేజిలోని పెట్రోలును పూర్తిగా వంచి, హోసును ఆరుబయట నీడలో ఆరనిచ్చి, రెండు కొసలకూ మూతలు పెట్టి, ఇంట్లోనూ కారు డిక్కీలోనూ కాకుండా గాలి ఆడే చోట భద్రపరచాలి.